తాళం పడిన గదిలో నకలు

అరబా ఎసుమన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని సముద్రపు ఒడ్డునున్న సాల్ట్‌పాండ్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఫోటో తీసేటప్పుడు ఆమె ఎవరినీ నవ్వమని బతిమాలదు. "గడ్డం దించు. భుజం సరిచెయ్యి. కదిలావంటే మళ్ళీ మొదటికొస్తాం," అంటుంది. అలా గద్దిస్తూ గద్దిస్తూనే ఇరవై రెండేళ్లలో ఊరి ముఖాలన్నీ పోగు చేసింది. ఆ ఊళ్ళో చాలామంది జీవితంలో ఒక్కసారే ఆమె ముందు కూర్చుంటారు. పోయాక ఆ ఒక్క ఫోటోనే పెద్దదై చావు పోస్టరు మీదికి ఎక్కుతుంది. కింద కొడుకుల పేర్లు, అల్లుళ్ల పేర్లు, శనివారం ఎన్ని గంటలకు ఖననమో వేసి ఒడ్డున కొబ్బరి చెట్లకూ గోడలకూ అంటిస్తారు. పోస్టరు పడని చావు అక్కడ చావు కిందే జమ కాదు.

అందుకని ఎవరింట్లో ఏడుపు వినపడినా మర్నాడు తెల్లారేసరికి ఒకరు అరబా గుమ్మంలో నిలబడి ఉంటారు. "మా అమ్మది ఉందా అక్కా?" అని అడుగుతారు. ఆమె విసుక్కుంటూ లోపలికి వెళ్లి, పడకగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు నిమిషాల్లో ఆ ముఖాన్ని బయటికి తీస్తుంది. ముందుగదిలో స్టూడియో, వెనక పడకగది. తల్లి వైపు నుంచి వచ్చిన ఇల్లు అది. ముందుగదికి సముద్రపు గాలి కొడుతుందని కంప్యూటర్‌ను మంచం పక్కకు చేర్చింది. ఆ గాలి ఇనుప గొళ్లేన్నే రెండేళ్లలో పొడి చేస్తుంది, కంప్యూటర్ దానికి ఒక లెక్కా.

ఆ ముఖాలన్నిటినీ ఒకే యంత్రంలో పెట్టుకుని నిద్రపోవడం ఎలాగన్నది ఆమెకు పాత దిగులు. రీళ్ల కాలంలో నెగటివ్‌లను బిస్కెట్ డబ్బాల్లో దాచింది. ఒక వానాకాలం తర్వాత ఒక డబ్బా మూత తీస్తే అందులోవన్నీ బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆ ఏడాది పదకొండు ఇళ్లవాళ్లకు "లేదు" అని చెప్పాల్సి వచ్చింది. పదకొండో ఇంటి ముసలమ్మ గుమ్మంలోనే కూలబడింది. అప్పుడు అరబా తిట్టని దేవుడు లేడు. మళ్ళీ ఆ మాట ఎవరికీ చెప్పే పరిస్థితి తెచ్చుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

కంప్యూటర్ వచ్చాక మిగిలిన నెగటివ్‌లన్నీ అందులోకి ఎక్కించింది. ఆపైన వాటిని కాపాడుకోవడానికి ఆమె చూడని ఉపాయం లేదు. వీధి చివర ఇంటర్‌నెట్ కొట్టు నడిపే ఫిఫీ మొదట సీడీల్లో రాయించుకోమన్నాడు. ఏడాదిన్నర తిరక్కుండానే సీడీల మీది వెండిపూత చేప పొలుసులా ఊడి వచ్చింది. తర్వాత మంకెసిమ్ సంతలో ఒక పెన్ డ్రైవ్ కొన్నది. పైన అచ్చు వేసిన సంఖ్యకూ లోపల పట్టే సరుకుకూ పొంతన లేదు; సగం నిండగానే ముందు పెట్టినవి మాయమయ్యాయి. అమ్మినవాడి చొక్కా కాలరు పట్టుకుని సంతంతా తిప్పిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఇంటర్‌నెట్‌లోనే దాచుకోవచ్చు ఆంటీ," అన్నాడు ఫిఫీ ఒకసారి, తన కొట్టుకు గిరాకీ దొరికిందన్న హుషారులో.

"ఎన్నాళ్ళు పడుతుంది ఎక్కించడానికి?"

అతను కాగితం మీద కూడికలు వేశాడు. "మన లైను మీదయితే మూడేళ్ల ఏడు నెలలు. మధ్యలో కరెంటు పోకపోతే."

"అప్పటికి నేనే పోస్టరెక్కి ఉంటాను. ఇంకోటి చెప్పు."

"అయితే ఇంకో హార్డ్ డిస్క్ కొని మొత్తం నకలు తీసుకో. కానీ రెండూ ఒకే ఇంట్లో పెట్టకు. ఇల్లు కాలితే రెండూ కాలతాయి, దొంగొస్తే రెండూ పట్టుకుపోతాడు. నెలకోసారి తెచ్చుకుని కొత్తవి ఎక్కించి, మళ్ళీ వేరే చోట పెట్టెయ్యి."

ఆ సలహా నచ్చింది. ఎవరింట్లో పెట్టాలన్నదే తేలలేదు. చెల్లెలు అక్రాలో ఉంటుంది, నెలనెలా పోవడం అయ్యే పని కాదు. చర్చిలో పెడదామంటే అక్కడి బీరువా తాళంచెవి ఊరందరి చేతుల్లోనూ తిరుగుతుంది. స్నేహితురాలి ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఇలా ఒక్కొక్క ఇంటినీ కొట్టేస్తూ వచ్చి, చివరికి తండ్రి దగ్గర ఆగింది.

పాపా ఎసుమన్ ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసిన మనిషి. పిల్లికి బిచ్చం పెట్టడు, అగ్గిపుల్ల అరువివ్వడు. గది తాళంచెవి మెడలో తాడుకు వేలాడేది, స్నానానికి కూడా తీసేవాడు కాదు. అరబా ఇంటికి పది నిమిషాల నడకలో, తన తల్లివైపు వాళ్ల లోగిలిలో ఒక గదిలో ఉండేవాడు. మంచం కింద ఇనుప ట్రంకు పెట్టె. "ఊళ్ళో నీ ట్రంకు కన్నా గట్టి చోటు లేదు పాపా," అని అరబా ఆ డిస్క్ ఆయన చేతిలో పెట్టింది. అరచేయంత నల్లటి పెట్టె. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చి అయ్యాక దాన్ని తెచ్చుకునేది. కొత్త ఫోటోలు ఎక్కించి, సాయంత్రం వేయించిన చేప, పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకీ ముద్దలతో పాటు తిరిగి పట్టుకెళ్లేది. ఆరేళ్లు అలా సాగింది.

ఇక్కడే ఆమె తప్పులో కాలేసింది. ఆ తీరపు జనంలో పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. తండ్రి పోతే ఆయన గది ఆయన తల్లి వంశం చేతిలోకి పోతుంది. వాళ్లు తాళం వేస్తారు. ఖననమై, నలభయ్యో రోజు గడిచి, వారసుడు ఎవరో తేలేదాకా లోపలి చెంచా కూడా కదలదు. కన్నపిల్లలైనా సరే, గుమ్మం బయటే. ఇది అరబాకు తెలియక కాదు. ఆమె తీసిన ఫోటోల్లో సగం మంది ఏదో ఒకరోజు ఇలాంటి తలుపు ముందు తగువు పడినవాళ్లే. కానీ దొంగ గురించి ఆలోచించింది, నిప్పు గురించి ఆలోచించింది, ఉప్పుగాలి గురించి ఆలోచించింది. తండ్రి పోతాడని మాత్రం ఆలోచించలేదు. ఏ కూతురు ఆలోచిస్తుంది?

ఫిబ్రవరి మూడో వారంలో పాపాకు ఎడమవైపు పడిపోయింది. అప్పటినుంచి అరబాయే నడుమూ కాలూ. పొద్దున జావ, మధ్యాహ్నం స్నానం, సాయంత్రం నూనె రాసి కాళ్లు పట్టడం. ఆ మధ్యలో పరిగెత్తుకొచ్చి గిరాకీ చూసుకోవడం. ఐదు నెలల పైచిలుకు ఆ గదిలోనే ఎక్కువ బతికింది. పాపా తమ్ముడు ఎగ్యా ఆతా ఆ వంశానికి పెద్ద. మంకెసిమ్‌లో ఉంటాడు, వ్యానులో అరగంట దారి. అన్నను చూడ్డానికి ఒక్కసారి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, వాసనొస్తోందని వెళ్లిపోయాడు.

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున పాపాకు ఊపిరి అందడం లేదని కబురొచ్చింది. అరబా కంప్యూటర్ ఆపకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. మధ్యాహ్నం లోపే ఆయన పోయాడు. ఆ మధ్యాహ్నమే ఊళ్ళో కరెంటు పోయి, మళ్ళీ వచ్చినప్పుడు ఎద్దులా దూకి వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ మాడిపోయింది, ఫంకా మాడిపోయింది, కంప్యూటర్ మాడిపోయింది. కరెంటు దెబ్బ తగలకుండా మధ్యలో పెట్టిన పెట్టె మాత్రం పచ్చదీపంతో నిక్షేపంగా వెలుగుతోంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే.

ఫిఫీ యంత్రం విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "లోపల డిస్క్ కూడా కాలిపోయింది ఆంటీ. అక్రా పంపినా లాభం లేదు."

"పోతే పోయింది. నకలుంది," అంది అరబా. ఆ ఒక్క మాట మీదే ఆ రోజు నిలబడగలిగింది.

మర్నాడు పొద్దున లోగిలికి వెళ్తే పాపా తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. గడప ముందు కుర్చీ వేసుకుని ఎగ్యా ఆతా కూర్చున్నాడు. ఐదు నెలల్లో ఒక్కసారి తొంగిచూసి పోయిన మనిషి తాళంతో సహా ఒక్క పూటలో దిగబడ్డాడు.

"బాబాయ్, ఒక్క నిమిషం తలుపు తియ్యి. ట్రంకులో నా పెట్టె ఒకటుంది, తీసుకుపోతాను."

"నీ పెట్టె ఆ గదిలో ఎందుకుంటుంది?"

"దాచమని పాపాకిచ్చాను. ఊరి ఫోటోలన్నీ అందులో ఉన్నాయి."

"గదిలో ఉన్నది గదిలో మనిషిది. ఆయన మా మనిషి."

"ఎప్పట్నించి? ఫిబ్రవరిలో పక్క తడుపుకున్నప్పుడు ఎవరి మనిషి? అప్పుడు ముక్కు మూసుకుని పోలేదా నువ్వు?"

"నోరు అదుపులో పెట్టుకో. తాళం పడ్డాక తీసే పద్ధతి లేదు. ఇది నేను పెట్టింది కాదు, నా తాతలు పెట్టింది. నలభయ్యో రోజు రా."

"పద్ధతి గొడవ కాదు ఇది. ట్రంకులో ఉన్న ఈ ఇంటి కాగితాలు నేను ఎత్తుకుపోతానని నీ భయం."

ఎగ్యా ఆతా కుర్చీని తలుపుకు ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు. దాంతోనే అదే భయమని తెలిసిపోయింది. అరబా ఆ లోగిలి మధ్యలో నిలబడి, ఊళ్ళో ఉన్న తిట్లన్నీ వరసగా తిట్టి, కొన్ని కొత్తవి కూడా కల్పించి తిట్టి, ఇంటికొచ్చింది. మంచం మీద కూర్చుంటే అప్పుడు వచ్చింది ఏడుపు. తండ్రి కోసమా, పెట్టె కోసమా అని ఎవరైనా అడిగి ఉంటే వాళ్లనూ కొట్టి ఉండేది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. శవం మార్చురీలో ఉంది, ఖననం ఆగస్టు ఆఖరి శనివారానికి పెట్టారు. మూడోరోజున అదే ఎగ్యా ఆతా సిగ్గులేకుండా స్టూడియోకి వచ్చాడు.

"పోస్టరు వేయించాలి. అన్నయ్యది మంచి ఫోటో ఒకటి ఇవ్వు. కోటు వేసుకున్నది ఉంది కదా, క్రిస్మస్‌కు తీశావు."

"ఉంది."

"ఇవ్వు మరి."

"నువ్వు తాళం వేసిన గదిలో ఉంది."

అతను నమ్మలేదు. గదిలోకి దూరడానికి ఆడపిల్ల ఆడుతున్న నాటకం అనుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత మంకెసిమ్‌లో ఎవడో చేసిన నమూనా పట్టుకొచ్చి, కావాలనే ఆమె గోడకే అంటించి పోయాడు. పెన్షన్ కార్డు మీది బొటనవేలంత బొమ్మను సాగదీసి వేశారు. చెవులు పక్కకు లాగి, కళ్ళు తెల్లబోయి, కోళ్ల దొంగతనంలో పట్టుబడ్డవాడిలా ఉన్నాడు పాపా. ముప్పై నాలుగేళ్లు ఒక్క ఉత్తరం పోగొట్టని మనిషి. అరబా ఆ కాగితాన్ని గోళ్లతో గీకి గీకి తీసింది. గోడ సున్నం కూడా ఊడొచ్చింది.

ఆ గోడ దగ్గర ఆమె అలా గీకుతూ ఉండగానే ఎకువా వచ్చింది. ఒడ్డున చేపలు పొగబెట్టి అమ్మే మనిషి. రెండు రోజుల కిందట ఆమె మొగుడు కోబినా ఎగ్యిర్ ఎక్కిన పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకుంటూ వచ్చారు. కోబినా రాలేదు.

"శవం దొరకలేదక్కా," అంది ఎకువా. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, గుసగుసలాడినట్టు మాట్లాడుతోంది. "పాతిపెట్టడానికి మనిషి లేడు. ఓటరు కార్డు నడుముకు కట్టుకునే తిరుగుతాడు, అదీ పోయింది. నువ్వు తీసిందొక్కటే ఉంది. ఈస్టర్‌కి తీశావే, తెల్లబట్ట కట్టుకుని. దాన్ని కుర్చీలో పెట్టుకుని ఏడుస్తాం."

అరబాకు గుర్తే. ఈస్టర్ సోమవారం ఎకువా మొగుణ్ణి దాదాపు ఈడ్చుకొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, బతుకులో మొదటిసారి స్టూడియోలో కూర్చున్నాడు. గడ్డం దించమని అరబా గద్దిస్తే, "దించితే పడిపోతుందేమో, మా ఆవిడ తిడుతుంది," అన్నాడు. అరబాకు నవ్వొచ్చి చెయ్యి కదిలి, రెండోసారి తీయాల్సి వచ్చింది. అచ్చు వెయ్యడానికి ఆ రోజు రంగు సిరా లేదు. వచ్చే వారం రమ్మంది. వచ్చే వారం పాపాకు జ్వరం. ఆ పై వారం ఇంకేదో. ఎకువా మూడుసార్లు వచ్చి అడిగి, నాలుగోసారి మొహమాటపడి మానేసింది. కెమెరాలోది కంప్యూటర్‌కు ఎక్కించగానే చెరిపేయడం అరబా అలవాటు. ఒకే కార్డుతో అన్ని పనులూ నడవాలి మరి.

"ఉంది," అంది అరబా. "పాపా గదిలో ఉంది. నేను తెస్తాను."

"వాళ్ళు తియ్యనివ్వరంటున్నారు ఊళ్ళో."

"వాళ్ళ తాతలొచ్చి అడ్డం పడినా తెస్తాను. నువ్వు ఇంటికెళ్ళి ఏదన్నా తిను."

ఆ క్షణం నుంచి ఆమె కోపానికి ఒక దారి దొరికింది. తన ఇరవై రెండేళ్ల పని పోయిందని కోప్పడితే సొంత గోల అనొచ్చు. ఇప్పుడు సముద్రం మింగేసిన మనిషి ముఖం ఆ తలుపు వెనక ఉంది. దానికి అడ్డంగా ఒక ముసలాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంతకన్నా కోపానికి ఏం కావాలి?

మంగళవారం సముద్రానికి విశ్రాంతి రోజని అక్కడ పడవలు పోవు, మగవాళ్లంతా ఊళ్ళోనే ఉంటారు. ఆ మంగళవారమే ఖననం ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి పాపా వంశంవాళ్లు లోగిలిలో కూర్చున్నారు. అరబా నల్లబట్ట కట్టుకుని, పద్ధతి ప్రకారం ఒక ష్నాప్స్ సారా సీసా తెచ్చి పెద్దల ముందు పెట్టింది. మధ్యలో అందరికన్నా పెద్దది నానా క్వాన్సిమా కూర్చుంది. పాపాకు పినతల్లి, తొంభైకి దగ్గర. కళ్ళు ఆనవు గానీ చెవులు పాము చెవులు.

ఎగ్యా ఆతా ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాడు. గుడారాలు ఎవరు, బాజాలు ఎవరు, వంట ఎవరు. చివరికి అరబా వైపు తిరిగాడు. "శవపేటిక పిల్లలు తేవాలి. నువ్వూ నీ చెల్లెలూ ఏ రకం అనుకుంటున్నారు?"

"నేను తేను," అంది అరబా.

ఎగ్యా ఆతా చేతిలో కాగితం దించాడు.

"ఏమన్నావు?"

"పేటిక తేనన్నాను. నేను ఈ వంశం దాన్ని కాదు కదా. గదిలో చీపురుపుల్ల కూడా నాది కాదన్నావు కదా. పరాయిదాన్ని పేటిక అడుగుతావేంటి? మీ మనిషి, మీరే కొనుక్కోండి."

"తండ్రి పేటిక బిడ్డలు తేవడం పద్ధతి. నీకు తెలీదా?"

"తెలుసు. అదేం పద్ధతో నువ్వే చెప్పు పెద్దాయనా. పేటిక మోసుకొచ్చేటప్పుడు కూతుర్ని, తలుపు తీసేటప్పుడు దొంగనా? ఐదు నెలలు ఒళ్ళు కడిగించుకునేటప్పుడు కూతుర్ని, ఆయన కళ్ళు మూసిన గంటకల్లా గుమ్మం బయట నిలబెట్టాల్సినదాన్నా? నాకు ఇంటి కాగితాలొద్దు. ఇల్లు మీరే ఉంచుకుని నెత్తిన పెట్టుకోండి. అరచేయంత పెట్టె కావాలి నాకు. అందులో కోబినా ఎగ్యిర్ ఉన్నాడు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో పోయినవాళ్ళ ఫోటో నా దగ్గరికొచ్చి అడగని ఇల్లు ఏదన్నా ఉంటే చెయ్యెత్తండి, ఇప్పుడే వెళ్ళిపోతాను."

ఎవరూ చెయ్యెత్తలేదు. "శవాన్ని అడ్డం పెట్టుకుని బేరమాడుతోంది," అన్నాడు ఎగ్యా ఆతా అందరి వంకా చూస్తూ. అది నిజమే. పాపాను పేటిక లేకుండా పంపే గుండె తనకు లేదని అరబాకు తెలుసు, ఎవరైనా గట్టిగా అడిగితే బయటపడిపోతుందనీ తెలుసు. అందుకని కళ్ళు దించకుండా నిలబడింది.

నానా క్వాన్సిమా కర్ర నేలకు తాటించింది. "ఆతా, నీకెన్నేళ్లు?"

"అరవై ఎనిమిది, నానా."

"అరవై ఎనిమిదేళ్ళకి ఇది తెలియలేదా నీకు? పేటిక తెచ్చే చేతికి అడ్డం తలుపు వెయ్యరు. తియ్యి."

"నలభయ్యో రోజు కాకుండా..."

"నలభయ్యో రోజుకి నేనుంటానో లేదో. నేను పోతే నా ఫోటో ఎవడిస్తాడు, నువ్విస్తావా? పెన్షన్ కార్డు చూపించి నన్నూ కోళ్ళ దొంగని చేస్తావా? తియ్యమన్నాను. అందరూ చూస్తుండగా తియ్యి, ఆమె పెట్టె ఆమెకిచ్చి మళ్ళీ తాళం వేసుకో."

ఎగ్యా ఆతా లేచాడు. తాళం తీశాడు. గదిలో ఇంకా పాపాకు రాసిన నూనె వాసన ఉంది. అరబా గడప దాటలేదు, వాళ్లు దాటనివ్వలేదు కూడా. ఇద్దరు కుర్రాళ్ళు మంచం కిందినుంచి ట్రంకు లాగి గుమ్మంలోకి తెచ్చారు. పైన మడత పెట్టిన బట్టలు, కింద కాగితాల కట్టలు. ఎగ్యా ఆతా చూపు వాటి మీదే ఉంది. మూలన గోనెగుడ్డలో చుట్టిన చిన్న పొట్లం. దానికి పోస్టాఫీసు పార్సిల్‌కు కట్టినట్టు దారంతో అట్టముక్క కట్టి ఉంది.

అట్టముక్క మీద పాపా గుండ్రటి చేతిరాత. ఎగ్యా ఆతాయే పైకి చదవాల్సి వచ్చింది. "అరబా ఎసుమన్ సొత్తు. అడిగినప్పుడు ఆమె చేతికే ఇవ్వవలెను."

లోగిలిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నానా క్వాన్సిమా, "వాడు పోయీ పని చేస్తున్నాడు, నువ్వు బతికుండీ చెయ్యలేదు," అంది. ఎగ్యా ఆతా ముఖం గంటు పెట్టుకుని పొట్లాన్ని అరబా చేతిలో పడేశాడు. పదిహేను రోజుల పోరులో ఆమె గెలిచింది. ఎకువా అటు గోడ దగ్గర నిలబడి చూస్తోంది. అరబా ఆమెకు పొట్లం ఎత్తి చూపించింది.

పేరు కింద పాపా ఇంకా చిన్న అక్షరాలతో వరసగా తేదీలు రాసి ఉంచాడు. ఇంటికి నడుస్తూ చదివింది. వెళ్ళింది ఎప్పుడు, వచ్చింది ఎప్పుడు, గంటలతో సహా, ఆరేళ్ల మొదటి ఆదివారాలు. అట్ట నిండిపోతే వెనక వైపు కూడా రాశాడు. ఆఖరి వరస దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. "2009 ఫిబ్రవరి 1. వెళ్ళినది మధ్యాహ్నం 1. వచ్చినది సాయంత్రం 6.30."

దాని కింద ఏమీ లేదు.

మార్చి మొదటి ఆదివారం ఆమె ఆ గదిలోనే ఉంది. పాపాకు జావ తాగిస్తోంది. ఏప్రిల్‌లో, మేలో, జూన్‌లో, జులైలో, ఆగస్టులో కూడా ఆ మంచం అంచు మీదే కూర్చుంది. డిస్క్ ఆమె మడమకు మూరెడు దూరంలో ఉంది. వంగి తీసుకుని పది నిమిషాలు నడిచి ఇంటికి తెచ్చి ఉంటే చాలు. ఎవరూ తాళం వెయ్యలేదు అప్పుడు. ఎవరూ అడ్డం కుర్చీ వేసుకోలేదు.

అయినా తప్పు చదివానేమోనన్న ఆశతో ఫిఫీ కొట్టుకు పోయి డిస్క్ పెట్టించింది. తెరుచుకుంది. ఒక్క గీత కూడా పడకుండా ఇరవై రెండేళ్ల ముఖాలు చక్కగా ఉన్నాయి. క్రిస్మస్ నాటి పాపా కోటు వేసుకుని, తాళంచెవి తాడు కాలరు లోపలికి దోపుకుని, సూటిగా చూస్తున్నాడు. జనవరి ఆఖరి శనివారం పెళ్లితో డిస్క్ అయిపోయింది.

"ఇంకా కిందికి పో," అంది అరబా.

"కిందికి ఏం లేదు ఆంటీ."

ఆమె ఫిఫీని తిట్టింది. కరెంటువాళ్లను తిట్టింది. ఎగ్యా ఆతాను ఏడు తరాలు తిట్టింది. తిట్లలో ఏదీ అంటుకోలేదు. ఆ ముసలాడు తొలిరోజే తలుపు బార్లా తీసినా కోబినా అందులో లేడు.

ఎకువా ఇంటి వెనక మట్టిపొయ్యిల మీద చేపల జల్లెడలు తిప్పుతోంది. మొగుడు పోయినా పట్టిన చేప కుళ్ళకుండా చూసుకోవాలి. అరబాను చూసి చేతులు బట్టకు తుడుచుకుని లేచింది.

"లేదు ఎకువా."

"పెట్టె ఇచ్చారు కదక్కా. నేను చూశాను."

"ఇచ్చారు. అందులో లేదు. ఈస్టర్ ఫోటోలు నేను ఎక్కించలేదు. మర్చిపోయాను."

"ఉందన్నావు కదా."

"అన్నాను."

పొగ ఇద్దరి మధ్యనుంచీ పోతోంది. ఎకువా తిడుతుందని అరబా నిలబడి ఉంది. తిట్టాలనే కోరుకుంది. తను ఈ పదిహేను రోజులూ ఊరందరినీ తిట్టిన తిట్లలో సగం తనకు తిరిగొచ్చినా తీసుకునేది.

"మీ పాపాది ఉందా?" అని అడిగింది ఎకువా.

అరబా తల ఊపింది.

"పోన్లే. ఆయన్నయినా బాగా పంపించు," అని ఎకువా మళ్ళీ కూర్చుని జల్లెడ అటు తిప్పింది.

అరబా చెల్లెలితో కలిసి తండ్రికి పేటిక తెచ్చింది. పోస్టరు మీద పాపా కోటుతో దర్జాగా ఉన్నాడు. కోబినా పోస్టరు కూడా అరబాయే వేయించింది. ఫోటో ఉండే చోట ఏం పెట్టమంటావని అడిగితే, ఏమీ పెట్టొద్దు, ఖాళీ ఉంచమంది ఎకువా. ఒడ్డున కొబ్బరి చెట్లకు రెండు పోస్టర్లూ పక్కపక్కనే అంటించారు. దారిన పోయేవాళ్లు ఆగి, అచ్చు తప్పు పడిందే అని అరబాతో అన్నారు. తప్పు అచ్చుది కాదు, తనదని ఆమె అడిగిన ప్రతివాళ్లకూ చెప్పింది.